మోసం ఒకటే, రక్షణ మాత్రం సంస్థను బట్టి

పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో ఒక తెలుగు కుటుంబం కూడబెట్టిన డబ్బు సాధారణంగా ఒకేచోట ఉండదు. జీతం, పింఛను జాతీయ బ్యాంకులో పడతాయి. పొదుపు సంఘం ఖాతా గ్రామీణ బ్యాంకులో ఉంటుంది. పంట రుణం సొసైటీ ఇస్తుంది. అవసరానికి బంగారం ఫైనాన్స్ కంపెనీకి వెళ్తుంది. పిల్ల పెళ్లికని దాచినది చీటీలోనో, తెలిసిన ఏజెంటు చేతి మీదుగా ఏదో డిపాజిట్ కంపెనీలోనో తిరుగుతుంటుంది. వీటిలో ఎక్కడ మోసం జరిగినా, ఆడిటరు కంటే పోలీసు కంటే చాలా ముందే దాన్ని పసిగట్టేది లెక్క రాసే గుమస్తా, క్యాషియరు, రోజువారీ వసూలుకు తిరిగే మనిషి. వాళ్లు నోరు విప్పితే చట్టం వెనక నిలబడుతుందా అన్న ప్రశ్నకు మన దేశంలో ఒక్క జవాబు లేదు. మోసం ఎంత పెద్దదన్న దాన్ని బట్టి కాక, సంస్థ బోర్డు మీద ఏ పేరుందో దాన్ని బట్టి జవాబు మారుతుంది. ఒడిశా సరిహద్దు జిల్లాలైన గజపతి, రాయగడ, కోరాపుట్, గంజాంలలో జనం ఎక్కువగా ఆధారపడే సంస్థల దగ్గరకు వచ్చేసరికి ఆ రక్షణ దాదాపు కనిపించదు.

గుట్టు చెప్పినవారిని కాపాడే చట్టాల చరిత్ర మన దేశంలో ఒక హత్యతో మొదలవుతుంది. స్వర్ణ చతుర్భుజి రహదారి పనుల్లో అక్రమాల గురించి ప్రధానమంత్రి కార్యాలయానికి లేఖ రాసిన ఇంజనీరు సత్యేంద్ర దూబే 2003 నవంబరులో గయలో హత్యకు గురయ్యారు. తన పేరు బయటికి రానివ్వవద్దని ఆయన కోరినా, ఆ లేఖ పేరుతో సహా కార్యాలయాల మధ్య తిరిగింది. చట్టం వచ్చేలోగా ఏదో ఒక ఏర్పాటు ఉండాలని సుప్రీంకోర్టు కోరడంతో, 2004 ఏప్రిల్‌లో కేంద్రం ఒక తీర్మానం చేసి, ఇలాంటి ఫిర్యాదులు తీసుకునే బాధ్యతను కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు అప్పగించింది. జాతీయ బ్యాంకులకు, కేంద్ర చట్టం కింద ఏర్పడిన గ్రామీణ బ్యాంకులకు నేటికీ వర్తించేది ఆ తీర్మానమే. ఫిర్యాదును మూసిన కవరులో పంపాలి. అది ప్రజాప్రయోజన వెల్లడి తీర్మానం కింద చేస్తున్న ఫిర్యాదని కవరు మీద రాయాలి, పంపినవారి పేరు మాత్రం లోపలి కాగితం మీదే ఉండాలి. గోప్యత కోసం కమిషన్ రసీదు కూడా పంపదు, మళ్లీ ఉత్తరాలు రాయవద్దని సలహా ఇస్తుంది.

ఈ గోప్యత పెద్ద కార్యాలయాన్ని మనసులో పెట్టుకుని రూపొందినది. వందలమంది పనిచేసే భవనంలో ఎవరు రాశారో కనుక్కోవడం కష్టమే. నలుగురు సిబ్బంది ఉన్న శాఖలో, ఏ రుణం ఫైలు ఎవరి బల్ల మీదుగా వెళ్లిందో అందరికీ తెలిసిన చోట, ఫిర్యాదులోని వివరమే రాసినవారి పేరు చెప్పేస్తుంది. ఖాతా నంబరు, తేదీ, వోచరు లేకుండా రాస్తే ఆధారం లేదని పక్కన పెడతారు. అవన్నీ రాస్తే రాసిందెవరో వెతకనక్కరలేదు. కవరు మీద పేరు లేకపోయినా, ఊరి పోస్టాఫీసు కౌంటరు దగ్గర ఆ కవరు పట్టుకుని నిలబడ్డ మనిషికి ముఖం ఉంటుంది కదా. అందుకే చిన్న ఊళ్లలో పేరు దాచడం కంటే, పేరు తెలిసిపోయాక ఏం జరుగుతుందన్నదే అసలు ప్రశ్న.

పేరు తెలిసిపోయాక సాధారణంగా జరిగేది బదిలీ. ఇందులో కంటికి కనిపించే శిక్ష ఏదీ ఉండదు. పరిపాలనా అవసరం అన్న రెండు మాటలతో ఉత్తర్వు వచ్చేస్తుంది. పంజాబ్ అండ్ సింధ్ బ్యాంకు ఇందౌర్ శాఖలో చీఫ్ మేనేజరుగా ఉన్న ఒక మహిళ, మద్యం కాంట్రాక్టర్ల ఖాతాల నిర్వహణలో అవకతవకలు, అవినీతి జరుగుతున్నాయని పై అధికారులకు రాశారు. ఆమెను జబల్‌పూర్ జిల్లాలోని సర్సవాకు, తన హోదా కంటే ఎంతో తక్కువ హోదా అధికారి నడపవలసిన శాఖకు పంపించారు. ఒక పై అధికారి మీద ఆమె లైంగిక వేధింపుల ఫిర్యాదు కూడా చేశారు. మధ్యప్రదేశ్ హైకోర్టు ఆ బదిలీని కొట్టివేయగా, బ్యాంకు అప్పీలు మీద 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించి, ఆమెను తిరిగి ఇందౌర్‌లో నియమించాలని, ఖర్చుల కింద 50 వేల రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. తీర్పు గొప్పదే. అయితే చీఫ్ మేనేజరు స్థాయి అధికారికి కూడా వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లాకే ఈ ఊరట దొరికిందన్న సంగతిని మరచిపోకూడదు. రాయగడ శాఖలో తెలుగు, ఒడియా రెండూ వచ్చి, ఖాతాదారులతో చనువున్న క్లర్కును రాష్ట్రం రెండో కొసకు మారిస్తే, ఆ ఉద్యోగి హైకోర్టు ఉన్న కటక్ దాకా వెళ్లడమే పెద్ద మాట.

ఈ లోటు తీర్చవలసిన చట్టం లేకపోలేదు. లోపలి గుట్టు బయటపెట్టేవారి కోసం చేసిన విజిల్ బ్లోయర్ల రక్షణ చట్టాన్ని 2014 ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది, మే నెలలో రాష్ట్రపతి సంతకం కూడా అయింది. అమలు తేదీ మాత్రం నేటికీ ప్రకటించలేదు. పుస్తకంలో ఉండి అమలులో లేని ఈ చట్టంలో పనికొచ్చే అంశాలు చాలానే ఉన్నాయి. ఫిర్యాదుదారు పేరు బయటపెట్టినవారికి మూడేళ్ల దాకా జైలు, 50 వేల రూపాయల దాకా జరిమానా ఉంటాయి. వేధింపు జరిగిందని ఫిర్యాదుదారు నిరూపించనక్కరలేదు. తాను చేసింది వేధింపు కాదని సంస్థే నిరూపించుకోవాలి. బదిలీ ఉత్తర్వు వెనక ఉద్దేశాన్ని ఒక గుమస్తా ఏనాటికీ రుజువు చేయలేడు కాబట్టి, చట్టం మొత్తంలో విలువైన వాక్యం ఇదేనని చెప్పవచ్చు. దీనికి మరో పక్కన, తప్పుడు ఫిర్యాదని తెలిసి చేసినవారికి రెండేళ్ల దాకా జైలు, పేరు లేని ఫిర్యాదు అసలు చెల్లకపోవడం, ఏడేళ్లు దాటిన వ్యవహారాలను స్వీకరించకపోవడం వంటి అడ్డుగోడలూ ఉన్నాయి.

2015లో తెచ్చిన సవరణ బిల్లు ఈ గోడలను ఇంకాస్త ఎత్తు చేయబోయింది. దేశభద్రత వంటి అంశాలతో పాటు, వ్యాపార గోప్యత, వాణిజ్య రహస్యాలకు సంబంధించిన సమాచారాన్ని కూడా వెల్లడికి అందని పది రకాల జాబితాలో చేర్చింది. బ్యాంకు మోసం గురించి ఎవరైనా ఏం చెప్పాలన్నా, ఎవరికి ఎంత అప్పిచ్చారు, ఏ హామీ మీద ఇచ్చారు అన్నవి చెప్పకుండా కుదరదు. అవన్నీ వ్యాపార గోప్యత కిందికే వస్తాయి. జాతీయ బ్యాంకుల ఉద్యోగులు ఎలాగూ ఖాతాదారుల వివరాలు బయటపెట్టబోమని ప్రమాణం చేసినవాళ్లే. లోక్‌సభ ఆమోదించిన ఆ బిల్లు రాజ్యసభలో ఆగి, 2019లో లోక్‌సభ గడువుతో పాటే చెల్లకుండా పోయింది. ఆర్థిక రంగంలో పనిచేసేవారి వరకు అది మంచికే అయింది.

2014 చట్టంలో ప్రభుత్వ సేవకుడు అన్న మాటకు అవినీతి నిరోధక చట్టంలోని నిర్వచనాన్నే తీసుకున్నారు. వ్యవసాయం, వ్యాపారం, బ్యాంకింగు చేస్తూ ప్రభుత్వ సాయం పొందిన సహకార సంఘం అధ్యక్షుడు, కార్యదర్శి కూడా ఆ నిర్వచనంలోకి వస్తారు. ఒకప్పుడు సికింద్రాబాద్ కేంద్రంగా నడిచి 2004లో ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిసిపోయిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు కేసులో, అవినీతి చట్టం వరకు ప్రైవేటు బ్యాంకు అధికారులు కూడా ప్రభుత్వ సేవకులేనని 2016లో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ రెండింటినీ కలిపి చదివితే, చట్టం ఈ రోజు అమలులోకి వచ్చినా సొసైటీ కార్యదర్శి అవినీతి గురించి చెప్పిన గుమస్తాకు రక్షణ అడిగే దారి ఒకటి తెరుచుకుంటుందని గట్టిగానే వాదించవచ్చు. నోటిఫికేషన్ ఒక్కటే ఆగి ఉన్నందువల్ల పోతున్నది ఇంత.

ప్రైవేటు రంగానికి ఈలోగా విడివిడి ఏర్పాట్లు వచ్చాయి. ప్రైవేటు, విదేశీ బ్యాంకుల కోసం రిజర్వు బ్యాంకు 2007 ఏప్రిల్‌లో ఒక పథకం తెచ్చింది. దాని కింద ఉద్యోగులు, ఖాతాదారులు, ప్రజలెవరైనా నేరుగా రిజర్వు బ్యాంకుకే రాయవచ్చు. బంగారు రుణాల ఫైనాన్స్ కంపెనీలు ఈ పథకంలో లేవు. వాటికి కంపెనీల చట్టం 2013 వర్తిస్తుంది: స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీలు, ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకునేవి, బ్యాంకుల నుంచి 50 కోట్ల రూపాయలకు మించి అప్పు తెచ్చుకున్నవి సిబ్బంది ఫిర్యాదులకు ఒక అంతర్గత మార్గం ఏర్పాటు చేయాలి, అవసరమైతే ఆడిట్ కమిటీ అధ్యక్షుడిని నేరుగా కలిసే వీలు ఉండాలి. కాగితం మీద ఇది బాగానే కనిపిస్తుంది. జయపురం శాఖలో బంగారం తూకం వేసే కుర్రాడు ముంబయిలోనో కొచ్చిలోనో ఉన్న ఆడిట్ కమిటీ అధ్యక్షుడికి ఇంగ్లిషులో లేఖ రాస్తాడని ఊహించడమే కొంచెం విచిత్రం. షేర్ల మార్కెట్‌ను నియంత్రించే సెబీ మరో అడుగు వేసి, అంతర్గత సమాచారంతో షేర్లు కొని అమ్మేవారి గుట్టు చెప్పినవారికి 2019లో బహుమతి పథకం పెట్టి, 2021లో దాని గరిష్ఠ పరిమితిని కోటి నుంచి 10 కోట్ల రూపాయలకు పెంచింది. డబ్బుతో పాటు రక్షణ కూడా ఉన్న ఏర్పాటు మన దేశంలో ఇదొక్కటే అనవచ్చు. మార్కెట్ తెరల ముందు కూర్చునే వారికి తప్ప సరిహద్దు పట్టణాల్లో ఎవరికీ దీనితో పని పడదు.

పేరు లేని ఫిర్యాదును అన్ని ఏర్పాట్లూ అనుమానంగానే చూస్తాయి. ఆకాశరామన్న ఉత్తరాలను పట్టించుకుంటే పగలు తీర్చుకునేవాళ్లు ఎక్కువవుతారన్న వాదనలో కొంత నిజం లేకపోలేదు. తెలుగువారికి మాత్రం దీనికి ఎదురు ఉదాహరణ ఇంట్లోనే ఉంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత లెక్కల మోసాన్ని ఒప్పుకుంటూ లేఖ రాయడానికి కొన్ని వారాల ముందు, 2008 డిసెంబరులో, మారుపేరుతో వచ్చిన ఒక ఈమెయిలు సంస్థ స్వతంత్ర డైరెక్టరుకు ఆ లెక్కల గురించి హెచ్చరించింది. అసలు పేరు పెట్టి రాయగలిగే ధైర్యం ఆ సంస్థలో ఎవరికైనా ఉండేదా అన్నది ఆలోచించవలసిన విషయం. అమెరికా 2010 నాటి డాడ్ ఫ్రాంక్ చట్టంలో దీనికి ఒక మధ్యేమార్గం వెతికింది. సమాచారమిచ్చే వ్యక్తి తన పేరు చెప్పకుండా న్యాయవాది ద్వారా ఫిర్యాదు చేయవచ్చు. బహుమతి చెల్లించే ముందు మాత్రమే తానెవరో తెలియజేయాలి. అక్కడ జరిమానా 10 లక్షల డాలర్లు దాటితే అందులో 10 నుంచి 30 శాతం దాకా సమాచారమిచ్చినవారికి వెళ్తుంది. 2023లో ఒక్కరికే దాదాపు 27.9 కోట్ల డాలర్లు ఇచ్చారు. అయితే 2018లో అక్కడి సుప్రీంకోర్టు, నియంత్రణ సంస్థకు కాక కంపెనీలోని పై అధికారులకు మాత్రమే చెప్పుకున్నవారికి ఆ చట్టం రక్షణ వర్తించదని తీర్పునిచ్చింది. ఇంట్లో చెప్పుకుంటే చాలని నమ్మినవారికి అది గట్టి దెబ్బ. బ్రిటన్‌లోనైతే పేరు లేకుండా వచ్చిన లేఖ ఎవరు రాశారో కనిపెట్టాలని స్వయంగా ప్రయత్నించిన బార్‌క్లేస్ బ్యాంకు అధినేతకు 2018లో 6,42,430 పౌండ్ల జరిమానా పడింది. పదవి మాత్రం పోలేదు.

సహకార రంగం దగ్గరకు వస్తే ఈ ఏర్పాట్లన్నీ ఒక్కసారిగా పలచబడతాయి. పంట రుణాలిచ్చే ప్రాథమిక సొసైటీలు, ఒడిశా గిరిజన ప్రాంతాల్లో లాంప్స్ అని పిలిచే పెద్ద బహుళార్థ సంఘాలు బ్యాంకింగ్ నియంత్రణ చట్టం కింద బ్యాంకులే కావు. 2007 నాటి రిజర్వు బ్యాంకు పథకం వాటిని తాకదు, కంపెనీల చట్టం వాటికి వర్తించదు, 2004 తీర్మానం వాటి దాకా రాదు. వాటి మీద అధికారం రాష్ట్ర సహకార శాఖ రిజిస్ట్రారుది. సొసైటీ అధ్యక్షుడు, జిల్లా సహకార బ్యాంకు డైరెక్టరు, స్థానిక నాయకుడు ఒక్కరే అయ్యే సందర్భాలు తక్కువేమీ కావు కాబట్టి, బినామీ రుణాల గురించి గుమస్తా రాసిన ఫిర్యాదు తిరిగి ఆ గదిలోకే వచ్చే అవకాశం ఎక్కువ. రెండు రాష్ట్రాల్లో పనిచేసే బహుళ రాష్ట్ర సహకార సంఘాలకు 2023 సవరణతో ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ వచ్చాడు. ఆ అధికారి వినేది సభ్యుల డిపాజిట్లు, హక్కుల మొర. సంఘంలో ఉద్యోగం చేస్తూ లోపలి గుట్టు చెప్పే మనిషి గురించి ఆ సవరణ ఆలోచించలేదు. మహారాష్ట్రలో పీఎంసీ బ్యాంకు వ్యవహారం సహకార రంగంలో గుట్టు ఎంతకాలం దాగుతుందో చూపించింది. రుణాల్లో ఎక్కువ భాగం ఒకే నిర్మాణ సంస్థల సమూహానికి వెళ్లగా, ఆ సంగతిని కప్పిపుచ్చడానికి 21 వేలకు పైగా లేని ఖాతాలు సృష్టించినట్లు 2019లో బయటపడింది. అన్ని వేల ఖాతాలను కంప్యూటరులోకి ఎక్కించడం ఒకరిద్దరు చేసే పని కాదు.

అన్నింటికంటే బలహీనుడు డిపాజిట్ కంపెనీ ఏజెంటు. సరిహద్దు ఊళ్లలో ఈ పని తరచు తెలుగువారి చేతిలోనే ఉంటుంది, ఎందుకంటే కంపెనీ కేంద్రం ఆంధ్ర వైపు, బంధుత్వాలు రెండు వైపులా ఉంటాయి. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ సంస్థ ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో పాటు ఒడిశాతో సహా పలు రాష్ట్రాల్లో సుమారు 32 లక్షల ఖాతాల కింద 6,380 కోట్ల రూపాయలు వసూలు చేసింది. చెల్లింపులు ఆగినప్పుడు జనం వెళ్లి కూర్చున్నది కేంద్ర కార్యాలయం ముందు కంటే ముందుగా ఏజెంటు ఇంటి అరుగు మీద. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లోను, 2021లోను చిన్న డిపాజిటర్లకు ఖజానా నుంచి డబ్బు తిరిగిచ్చినప్పుడు అది ఆ రాష్ట్రపు వారికే అందింది. గజపతి, రాయగడ జిల్లాల్లో కట్టినవారికి జవాబు చెప్పుకోవలసిన భారం ఏజెంటు మీదే మిగిలింది.

ఇలాంటి ఏజెంటుకు, కొత్త డిపాజిట్లతోనే పాత బాకీలు తీరుస్తున్నారన్న సంగతి ముందుగా తెలుస్తుంది. తెలిసినా అతను నోరు మూసుకోవడానికి చట్టమే ఒక కారణం. నియంత్రణ లేని డిపాజిట్ పథకాల నిషేధ చట్టం 2019 ప్రకారం, అలాంటి పథకంలో చేరమని ప్రచారం చేసినా ఏడాది నుంచి ఐదేళ్ల దాకా జైలు, కనీసం 2 లక్షల రూపాయల జరిమానా ఉంటాయి. అంటే గుట్టు చెప్పడానికి వెళ్లిన ఏజెంటు ముందుగా తన నేరాన్నే ఒప్పుకున్నట్లవుతుంది. తెలియగానే వచ్చి చెప్పినవారికి శిక్ష నుంచి మినహాయింపు గాని, కంపెనీ ప్రతీకారం నుంచి కాపుదల గాని ఇచ్చే ప్రత్యేక ఏర్పాటు ఆ చట్టంలో లేదు. రిజర్వు బ్యాంకు 2016లో ప్రారంభించిన సచేత్ వెబ్‌సైటులో ఎవరైనా ఫిర్యాదు పెట్టవచ్చు, కాని ఫిర్యాదు చేసిన వ్యక్తికి తరువాత ఏమైందన్నది దాని పరిధి కాదు.

ఏజెంటు ఉద్యోగి కాడన్నది కంపెనీల మొదటి వాదన. రోజువారీ వసూలు చేసే బ్యాంకు డిపాజిట్ కలెక్టర్లు కార్మికులేనని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పినా, ఆ తీర్పు వేతన వివాదాలకే పరిమితమైంది, గుట్టు చెప్పినవారి రక్షణలోకి రాలేదు. యూరోపియన్ యూనియన్ 2019లో చేసిన ఆదేశం ఇక్కడే భిన్నంగా ఆలోచించింది. కాంట్రాక్టు మీద పనిచేసేవారు, పని మానేసినవారు, ఫిర్యాదుదారుకు సాయపడిన సహోద్యోగులు, బంధువులు అందరినీ రక్షణలోకి తెచ్చింది. అంతర్గత ఫిర్యాదుల మార్గం పెట్టనక్కరలేదని యాభైమంది లోపు ఉన్న సంస్థలకు ఇచ్చిన వెసులుబాటును ఆర్థిక సేవల సంస్థలకు ఇవ్వలేదు. ఇద్దరు ముగ్గురు నడిపే సంస్థ కూడా పదివేలమంది డబ్బును ముంచగలదని గుర్తించడం వల్లే ఈ తేడా పెట్టారు.

సరిహద్దు దీనికి తనదైన చిక్కును చేరుస్తుంది. కంపెనీ పార్వతీపురంలో, ఏజెంటు గుణుపురంలో, డిపాజిటర్లు రెండు చోట్లా ఉంటే, ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలన్నదే మొదటి తగాదా అవుతుంది. 2019 చట్టం కింద అధికారం రాష్ట్ర ప్రభుత్వ కార్యదర్శి హోదాకు తగ్గని వ్యక్తికి ఉంటుంది. వ్యవహారం ఒక రాష్ట్రం దాటి, మొత్తం పెద్దదైతే సీబీఐకి పంపే దారి ఉంది. ఈ రెండూ జిల్లా మనిషికి దూరమే. కాస్త దగ్గరగా ఉన్నది సాక్షుల రక్షణ పథకం. 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆమోదించిన ఈ పథకంలో ప్రతి జిల్లాలోనూ జిల్లా జడ్జి అధ్యక్షతన కమిటీ ఉంటుంది, బెదిరింపు స్థాయిని బట్టి పోలీసు కాపలా నుంచి ఇల్లు మార్చడం దాకా ఆదేశించవచ్చు. కొత్త నేర ప్రక్రియ సంహిత ప్రతి రాష్ట్రమూ ఇలాంటి పథకం తయారు చేయాలని చెప్పింది. డిపాజిట్ మోసాలకు పడే శిక్షలు దీని పరిధిలోకి వచ్చేంత పెద్దవే. చిక్కేమిటంటే, పథకం సాక్షిని కాపాడుతుంది గాని అతని ఉద్యోగాన్ని, కమీషన్ బాకీని కాపాడదు. ఫిర్యాదుదారు ఒడిశాలో ఉండి బెదిరింపు ఆంధ్ర వైపు నుంచి వస్తే రెండు జిల్లాల పోలీసులు కలిసి పనిచేస్తేనే దానికి అర్థం ఉంటుంది. దానికి తోడు భాష. ఒడియా చదవడం రాని తెలుగు గుమస్తా ఒడియా ఠాణాలో ఇచ్చిన వాంగ్మూలం ఎవరి తర్జుమాతో కాగితం మీదికెక్కుతుందో, చదివి వినిపించకుండా సంతకం పెట్టిస్తే తరువాత అది ఎవరికి ఉపయోగపడుతుందో ఊహించడం కష్టం కాదు.

ఢిల్లీలో నోటిఫికేషన్ వెలువడే దాకా ఏమీ చేయలేమన్న మాట పూర్తిగా సరికాదు. సహకార సంఘాలు రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర జాబితాలోనివి. ఒడిశా సహకార సంఘాల చట్టం 1962ను సవరించే అధికారం ఒడిశా శాసనసభదే. గుట్టు చెప్పిన ఉద్యోగిపై చర్య తీసుకుంటే అది ప్రతీకారం కాదని సొసైటీయే నిరూపించుకోవాలన్న ఒక్క నిబంధనను 2014 చట్టం నుంచి అందులోకి తెచ్చుకోవచ్చు. అలాంటి ఫిర్యాదును జిల్లా సహకార అధికారికి కాక నేరుగా రిజిస్ట్రారుకు పంపేలా చేయవచ్చు. సరిహద్దు జిల్లాల నుంచి తెలుగులో రాసిన ఫిర్యాదును కూడా తీసుకోవాలని అందులోనే చేర్చవచ్చు. డిపాజిట్ కంపెనీల విషయంలో ఏజెంటుకు శిక్ష తప్పించాలంటే మాత్రం 2019 నాటి కేంద్ర చట్టాన్నే మార్చాలి, ఆ పని పార్లమెంటుదే. ఈలోగా ఏజెంటు ముందున్న చట్టబద్ధమైన దారి ఒక్కటే: కంపెనీ తలుపులు మూయకముందే న్యాయవాదిని వెంటబెట్టుకుని వెళ్లి వాంగ్మూలం ఇవ్వడం, విచారణలో అప్రూవరుగా, అంటే నేరంలో పాలుండి ప్రభుత్వం తరఫున సాక్ష్యం చెప్పేవాడిగా మారితే క్షమాభిక్ష ఇవ్వమని కోర్టును అడగడం. ఇస్తారా లేదా అన్నది ఆ కోర్టు విచక్షణ.